తార్నాక టూలెట్

మా మేనల్లుడికి రాయదుర్గంలో ఉద్యోగం వచ్చిందని ఫోన్లో చెబితే కళ్యాణదుర్గంలో ఉండే మా చిన్నమ్మ తెగ సంబరపడింది. "బళ్లారికి దగ్గర, మాకూ దగ్గరే. వారం వారం వచ్చిపోవచ్చులే" అంది. ఆవిడ అనుకున్నది అనంతపురం జిల్లా రాయదుర్గం. వీడికి వచ్చింది హైదరాబాదు రాయదుర్గం, మెట్రో నీలం లైను ఆఖరి స్టేషన్, చుట్టూ అద్దాల మేడలు. విడమరిచి చెప్పాక కాసేపు ఊరుకుని, "పేరొకటే, ఊరు వేరేనా! అయితే ఇల్లు యాడ సూస్తాండాడు?" అని అడిగింది.

వాడు బెంగళూరు నుంచి భార్యతో వచ్చి, ఇల్లు దొరికేదాకా ఉంటామని తార్నాకలో మా ఇంట్లో దిగాడు. రాత్రి అన్నాలయ్యాక ఫోన్ తీసి లెక్కలు చదివేవాడు. "నార్సింగిలో అయితే పన్నెండు నిమిషాలు మామా. కోకాపేటలో పద్దెనిమిది, కానీ స్విమ్మింగ్ పూల్ ఉంది. నల్లగండ్లలో అద్దె తక్కువ, ఇరవై రెండు నిమిషాలు." లెక్కలన్నీ ఆఫీసు గేటు దగ్గర మొదలై అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆగిపోతున్నాయి. ఆ అమ్మాయి పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఒక్కసారి కూడా ఫోన్‌లోకి తొంగిచూడలేదు.

నేను నోరు మెదపలేదు. ముప్పై ఏళ్ల కిందట ఇదే లెక్క వేసి, ఆ తెలివికి పదకొండు నెలలు అద్దె కట్టినవాణ్ని.

1993లో నాకు ఉప్పల్ రోడ్డులోని ఒక ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట మోసుకుని కాచిగూడ స్టేషన్లో దిగాను. ఎవరు ఏ పేటలో ఉండాలన్నదానికి నగరంలో అప్పటికే ఒక నోటి లెక్క ఉండేది. గుడి, గ్రంథాలయం, సాయంత్రం కచేరీ కావాలంటే నల్లకుంట, చిక్కడపల్లి. నల్లగొండ వైపు చుట్టరికాలుంటే దిల్‌సుఖ్‌నగర్. మిలిటరీలో రిటైరైతే సైనిక్‌పురి. హౌసింగ్ బోర్డు ఇల్లు దొరికే అదృష్టముంటే కూకట్‌పల్లి. అడిగినవాడల్లా తానున్న పేటే మంచిదన్నాడు. తన ఇల్లు చెడ్డదని ఎవడు చెప్పుకుంటాడు?

నేను ఎవరి మాటా వినలేదు. ఆఫీసు గేటు నుంచి సైకిల్ మీద ఎనిమిది నిమిషాలు, అదొక్కటే చూసుకున్నాను. ఉప్పల్ అవతల కొత్తగా లేస్తున్న ఒక కాలనీలో పోర్షన్ తీసుకుని, అమ్మను, భార్యను, ఏడు నెలల పిల్లను రప్పించాను. వీధికి నాలుగు ఇళ్లు, మిగతావన్నీ రాళ్లు పాతిన ప్లాట్లు. వాటి నిండా నడుమెత్తు వయ్యారిభామ మొక్కలు. నేను ఎనిమిదిన్నరకు వెళ్లి ఆరుకు వచ్చేవాణ్ని. వచ్చాక తిండి, రేడియో, నిద్ర. ఆదివారం తప్ప ఆ కాలనీ పగటి ముఖం నేనెరగను.

పిల్లకు జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి రెండు బస్సులు మారాలి. కొత్తిమీర కట్ట కావాలంటే ఇరవై నిమిషాలు ఎండలో నడవాలి. ఇవి నా భార్య చెబితే తెలిశాయి, అదీ విసుగొచ్చిన రోజున. మా అమ్మ అయితే మూడు నెలలు ఏమీ అనలేదు. నాలుగో నెలలో ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని అంది: "ఒరే, ఇది ఊరా, లేఅవుటా? ఊరంటే యా దిక్కుకన్నా నడవబుద్ధి కావాల. ఈడ యా దిక్కుకు పోయినా ఇసక కుప్పే."

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క తిరగేశాను. నేను రోజుకు రెండుసార్లు నడిచే దారిని మాత్రం కొలిచి, ఇంట్లోవాళ్లు పదిసార్లు నడిచే దారుల్ని వదిలేశాను. ఉద్యోగం నాది, నిజమే. కానీ ఉద్యోగస్థుడికి పేటతో ఏం పని? వాడికో మంచం, ఓ బస్సు ఉంటే చాలు. పేటలో కాపురం చేసేది ఉద్యోగానికి పోనివాళ్లు. ఇల్లు నా పేరున అద్దెకు తీసుకోవచ్చు గానీ, పేటను ఎంచాల్సింది వాళ్ల కాళ్లతో.

రెండోసారి ఇల్లు వెతికేటప్పుడు అమ్మను వెంట తీసుకువెళ్లాను. వరంగల్ నుంచి వచ్చి మా దగ్గర పనిచేసే ఒక పెద్దాయన అంతకుముందే నాకో మాట చెప్పాడు. "బ్రోకర్‌ను అడగకు, ఓనర్‌ను అడగకు. గల్లీ మొగదల ఇస్త్రీ బండి ఉంటది. ఆయన్నడుగు. గల్లీ బట్టలన్నీ ఆయన చేతులకెళ్లే పోతయ్." అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఇంతకన్నా పనికొచ్చే సలహా నాకు ఈ నగరంలో ఎవరూ ఇవ్వలేదు. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరికి ట్రాన్స్‌ఫర్ అయిందో, ఏ ఓనరు అరుస్తాడో, ఏ ఇంట్లో నీళ్లు రాక చొక్కాలు మూడు రోజులు మురికిగా పడుంటాయో, ఇవన్నీ బొగ్గుల పెట్టె తోసుకుంటూ ఆయన చదివేస్తాడు.

తార్నాకలో ఒక వేపచెట్టు కింద అలాంటి బండి ఒకటి కనిపించింది. అడిగితే మడత ఆపకుండానే చెప్పాడు. "ఆ ఆకుపచ్చ గేటింట్ల మీది పోర్షన్ల ఉండే సారు వచ్చే నెల పోతుండు. బోర్డు ఇంకా పెట్టలే. ఓనర్ రైల్వేల చేసి దిగిండు. కోపం జర ఎక్కువ, మనసు మంచిది. నీళ్లు దినం తప్పి దినం." మొత్తం ఇంటి జాతకం నాలుగు మాటల్లో.

తార్నాక అన్న పేరు తార్, నాకా అనే రెండు ముక్కల నుంచి వచ్చిందంటారు. తీగ కంచె వేసిన తనిఖీ చౌకీ అని అర్థం. పక్కన హబ్సిగూడలో నిజాం కొలువులోని హబ్షీ సైనికులు ఉండేవాళ్లట. సీతాఫల్‌మండి సంగతి పేరే చెబుతోంది. నేను చూసేనాటికి తార్నాకలో తీగా లేదు, చౌకీ లేదు. కానీ ఆకుపచ్చ గేటు దగ్గర తనిఖీ మాత్రం జరిగింది. అద్దె ఇల్లు వెతికినవాళ్లందరికీ ఆ ప్రశ్నపత్రం కంఠతా వచ్చు. ఏ ఊరు? ఏ డిపార్ట్‌మెంటు? ఎంతమంది ఉంటరు? మీరేమిట్లు? గోడలకు మేకులు కొడతరా? ఒక్కోదానికీ నేను పరీక్ష రాసినట్టు జవాబు చెబుతున్నాను. చివరికి ఆయన అసలు ప్రశ్న అడిగాడు. "చుట్టాలు బాగ వస్తరా?"

నేను "అబ్బే" అనబోయేంతలో మా అమ్మ అందుకుంది. "రాకుంటే అది ఇల్లెట్లా అయితాది నాయనా?"

ఆయన ఒక క్షణం ఆమెను చూశాడు. తర్వాత గేటు గడియ తీశాడు. ఇదంతా అయ్యాక మా అమ్మ చేసిన మొదటి పని వంటిల్లు చూడటం కాదు. సంపు మూత తీయించి, వంగి లోపలికి చూసింది. అనంతపురం మనుషులం. ఇంటికి వాస్తు తర్వాత, ముందు నీళ్లు. "మంజీరా వస్తది, బోరు కూడ ఉంది" అని ఓనరు భరోసా ఇచ్చాడు. హైదరాబాదులో కుళాయి నీళ్లు ఏ నదివైనా అప్పట్లో పేరు మంజీరాయే.

నా ప్రయాణం ఎనిమిది నిమిషాల నుంచి ఇరవై అయిదుకు పెరిగింది. చెప్పుకోవలసిన నష్టం అదొక్కటే.

తార్నాకలో ఏముంది అని ఎవరైనా అడిగితే చూపించడానికి నిజంగా ఏమీ లేదు. చౌరస్తా, దాని మీద తర్వాత వచ్చిన ఫ్లైఓవరు, నంబర్లతో పిలుచుకునే వీధులు. ఒక వీధి నంబరుకూ పక్క వీధి నంబరుకూ పొంతన ఉంటుందని నమ్మి వచ్చిన చుట్టాలు పాపం చాలాసేపు తిరిగేవాళ్లు. కానీ పెరటి తలుపు తీస్తే అవతల యూనివర్సిటీ ఉంది. సుమారు 1300 ఎకరాల పెరడు.

మా అమ్మకు చదువు మూడో తరగతి. అయినా ఉస్మానియా క్యాంపస్‌ను ఆమె వాడుకున్నంతగా అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా వాడుకుని ఉండరు. పొద్దున్నే అయిదున్నరకు చెప్పులేసుకుని బయల్దేరేది. చెట్ల కింద నడిచి ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి, ఆ గులాబి రాతి మెట్ల మీద కాసేపు కూర్చుని, ఎండ ముదరకముందే తిరిగొచ్చేది. ఆ భవనం ఎంత పెద్దదో ఆమెకు పట్టలేదు. "మెట్లు సల్లగుంటాయి" అనేది. అంతే.

ఇల్లు దొరక్క నీరసపడే వాళ్లకు నేను ఆ యూనివర్సిటీ కథే చెబుతుంటాను. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చాడు, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలన్న పెద్ద సంకల్పం. తీరా చూస్తే సొంత ఇల్లు లేదు. గన్‌ఫౌండ్రీలో అద్దె భవనాల్లో కాపురం పెట్టింది. ఎక్కడ స్థిరపడాలో తేల్చుకోవడానికి స్కాట్లాండ్ నుంచి వచ్చిన నగర నిర్మాణ నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్‌ను కూడా సంప్రదించారు. అప్పటికి ఊరి బయట ఉన్న అడిక్‌మెట్ ఖాయమైంది. ఆ తర్వాత ఇల్లెలా కట్టాలో చూసి రమ్మని సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని దేశదేశాలు తిప్పారు. చివరకు నక్షా చేతికెత్తుకున్నది బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్. ఆర్ట్స్ కాలేజీ గృహప్రవేశం 1939 డిసెంబరు 4న జరిగింది. అంటే పుట్టిన ఇరవయ్యొక్క ఏళ్లకు. రెండు వారాలు ఇల్లు దొరక్కపోతే తల పట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అడిక్‌మెట్ అంతకు చాలా కాలం ముందు కవయిత్రి మాహ్ లఖా బాయికి దక్కిన జాగీరు. ఇప్పుడు ఇఫ్లూ అని పిలిచే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఆమె కాలపు మెట్ల బావి ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ, యూనివర్సిటీవాళ్లను మొదటిసారి మెచ్చుకుంది. "బావి సూసి తావు ఎంచినారన్నమాట."

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఆమెకు ఒక స్నేహం దొరికింది. మేమంతా కూనూరు మామి అనేవాళ్లం. వాళ్లాయన పోషకాహార పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ సంస్థ కూడా ఉస్మానియాలాగే 1918లోనే పుట్టింది. నీలగిరి కొండల్లో కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక్క గదిలో మొదలైంది. నలభై ఏళ్లు అక్కడే ఉండి 1958లో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చేసింది. మనుషులు ఉద్యోగం కోసం ఊరు మారడం మామూలే. ఇక్కడ ఉద్యోగమే ఊరు మారి మనుషుల్ని లాక్కొచ్చింది. మామి కొండ మీది చలిలో పుట్టి పెరిగిన మనిషి. "ఇక్కడికి మే నెలలో వచ్చాం. స్వెట్టర్లు ట్రంకు పెట్టె అడుగున పెట్టాను, అక్కడే చివికిపోయాయి" అని అరవ యాసలో చెప్పేది. మా అమ్మకు కన్నడం వచ్చు, మామికి తెలుగు సగం వచ్చు. మిగతా సగాన్ని ఇద్దరూ చేతులతో పూరించుకునేవారు.

మామిని చూశాకే నాకు ఈ పేట స్వభావం అర్థమైంది. ఇక్కడ తాతలనాటి ఇళ్లవాళ్లు తక్కువ. లాలాగూడలో నిజాం కాలం నుంచి రైల్వే వర్క్‌షాపు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ కేంద్రమయ్యాక మెట్టుగూడ దాకా రైలు ఉద్యోగులే. రసాయన ప్రయోగశాల 1944 నాటిది. భూభౌతిక సంస్థ 1961లో, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ 1977లో వచ్చాయి. ఒక్కో సంస్థ వచ్చినప్పుడల్లా ఒక గుంపు ట్రంకు పెట్టెలు దిగాయి. బెంగాలీ, మలయాళీ, తమిళ, కోస్తా, సీమ. మా వీధిలో వినాయక చవితికి చందా ఇవ్వమని వచ్చే కుర్రాళ్లు ఇంటింటికీ భాష మార్చేవాళ్లు. అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే కాబట్టి కొత్తగా వచ్చినవాణ్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. గేటు దగ్గరి తనిఖీ అయిపోయాక ఇక తనిఖీ లేదు.

చదువుల పక్కన ఉండటమంటే చెట్ల నీడ ఒక్కటే కాదు, అది కూడా చెప్పాలి. ఉస్మానియా విద్యార్థులు ఊరుకునే రకం ఎప్పుడూ కాదు. 1938లో వందేమాతరం పాడినందుకు బయటికి పంపేసిన వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన నాగపూర్ వెళ్లి చదువుకోవలసి వచ్చింది. అదీ ఒక ఊరు మార్పే. 1969 తెలంగాణ ఉద్యమం మా ఓనరుకు కళ్లకు కట్టినట్టు గుర్తు. మేం చూసింది 2009 చివర. క్యాంపస్ దారులకు పోలీసులు ముళ్లతీగ చుట్టలు అడ్డం పెట్టారు. పొద్దున నడకకు పోయిన మా అమ్మ పావుగంటలో తిరిగొచ్చింది. "ఈ పొద్దు పేరు నిజమైందిరా. తీగ ఉంది, నాకా ఉంది" అంది. మధ్యాహ్నం బాష్పవాయువు గాలి మేడ మీది దుప్పట్లకు పట్టింది. కళ్ల మంటకు తడిగుడ్డ పెట్టుకోమని వీధిలో పరుగెత్తుతున్న కుర్రాడెవరో అరిచి చెప్పిపోయాడు. ఆ కుర్రాడి గురించి ఆమె చాలా రోజులు అడిగింది. పేరు తెలియదు, ముఖం సరిగా చూడలేదు. "వాడు చదువుకున్నాడా లేదా" అనేది. మేం ఏం చెప్పగలం?

ఆ నెలల్లో ఇల్లు మారదామని నేనన్నాను. బస్సులు దారి మళ్లేవి, పిల్లకు పరీక్షలు. అమ్మ ఒప్పుకోలేదు. పేటను ఎంచిన మనిషి ఆమె, కాబట్టి నాకు నోరు లేకపోయింది. తీగ తీశాక మళ్లీ నడిచింది. నడవలేని రోజు దాకా నడిచింది.

ఇప్పటి తార్నాక ఆ తార్నాక కాదులెండి. ఆకుపచ్చ గేటు ఇల్లు కూలగొట్టి అయిదంతస్తులు లేపారు. రెండు వైపులా కార్లు ఆపితే వీధిలో ఆటో దూరదు. బోర్లు ఎంత లోతుకు దిగినా చాలడం లేదు. అయితే మెట్రో వచ్చింది. 2017 నవంబరులో నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా, 2019లో రాయదుర్గం దాకా. తార్నాకలో ఎక్కితే మధ్యలో మారే పని లేదు, ముప్పావు గంటలో ఆ చివర దింపుతుంది. 1993లో మాకు ఆ రాళ్ల గుట్టలు వేరే జిల్లా. పెళ్లికి పిలిచినా పోయేవాళ్లం కాము.

ఈ సంగతి మేనల్లుడికి చెప్పాను. వాడు వేళ్ల మీద లెక్కపెట్టి, "పోను రాను గంటన్నర మామా. నార్సింగిలో అయితే అరగంట లోపే. రోజుకు గంట మిగులుతుంది" అన్నాడు. కాదనలేను. ఆ గంట వాడి నిద్ర. వాడి వయసులో నేను ఎనిమిది నిమిషాల కోసం కుటుంబాన్ని వయ్యారిభామ మొక్కల్లో పెట్టినవాణ్ని. వాడికన్నా నాకెక్కువ తెలుసనుకోవడానికి నా దగ్గరున్నది ఆ పదకొండు నెలల అద్దె రసీదులే.

అందుకని ఆ అమ్మాయిని అడిగాను. వరసకు కూతురు, అడిగే చనువుంది. "నీకెక్కడ బాగుంటుందమ్మా?"

"నన్నెవరడిగారు పెదనాన్నా!" అని నవ్వింది. తర్వాత నా భార్య వైపు తిరిగి, "పెద్దమ్మా, ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి పాల ప్యాకెట్టు కావాలంటే నేనొక్కదాన్నీ నడిచి తెచ్చుకోవచ్చా?" అంది. బెంగళూరులో పంతొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్లట. పాలు యాప్‌లో వచ్చేవి. రెండేళ్లలో పక్కింటివాళ్ల పేరు తెలియలేదట. ఆ మాట వాడు కూడా మొదటిసారే విన్నట్టున్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లించాడు.

మర్నాడు పొద్దున నా భార్యతో కలిసి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొచ్చింది. ఏమీ చెప్పలేదు. సాయంత్రం వాడి చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చొస్తానంటే నేనూ వెంట వెళ్లాను. వేపచెట్టు ఇంకా ఉంది. బండి దగ్గర ఇప్పుడు ఆయన కొడుకు, బొగ్గుల పెట్టె బదులు గ్యాసు పెట్టె. చొక్కాలు లెక్కపెడుతూ నేను ఊరికే అడిగాను, చుట్టుపక్కల పోర్షన్లేమైనా ఉన్నాయా అని.

"బోర్డులైతే ఏం లేవు సార్" అన్నాడు. చేతిలోని చొక్కా మడత పెట్టాడు. "కానీ గా మూల మీద అపార్ట్‌మెంటుల రెండో అంతస్తు పిల్లగాడు నిన్న ఇరవై రెండు జతలు ఇచ్చిండు. రెండు సూట్లు కూడ ఉన్నయి. అమెరికా పోయే బట్టలు అవి. నెలాఖరుకు ఖాళీ అయితది."

అమ్మాయి పర్సులోంచి పెన్ను తీసి, చొక్కాల చీటీ వెనక అపార్ట్‌మెంటు పేరు రాసుకుంది. "నీళ్లెట్లా వస్తాయన్నా?" అని అడిగింది.